అరిష్ చెప్పిన లోతు

ఇద్దిబాల్ ఒకే ఒక్క వాక్యం దగ్గర పదకొండు రోజులుగా ఆగిపోయాడు.

మైనపు పలక మీద రాస్తాడు, చదువుకుంటాడు, బొటనవేలితో రుద్ది చెరిపేస్తాడు. మళ్ళీ రాస్తాడు. మళ్ళీ చెరిపేస్తాడు. చివరికి విసుగెత్తి, పలకలన్నీ గుడ్డలో మూటగట్టుకుని, ఊరి వెనక ఆలివ్ తోటలో ఉండే గురువు దగ్గరికి బయల్దేరాడు.

ఆ ఊరు లెప్టిస్. ఆఫ్రికా ఉత్తర తీరంలో, రోము సామ్రాజ్యంలో పేరుమోసిన రేవు పట్టణం. ఆ ఊళ్ళో పుట్టినవాడే ఒకాయన రోముకు చక్రవర్తి అయ్యాడు. అయ్యాక పుట్టిన ఊరిని మరిచిపోలేదు. పాలరాతి స్తంభాలు పంపాడు, వీధులు వేయించాడు, అన్నిటికీ మించి ఒక కొత్త రేవు కట్టించాడు. ఆ రేవు పనులు చూసిన అధికారి మన ఇద్దిబాలే.

ఇప్పుడతనికి యాభై ఎనిమిదేళ్ళు. ఊరి పెద్దల సభలో అతనికి ముందు వరసలో ఆసనం ఉంది. పండుగ నాడు నాటకశాలలో జనం ముందు చదవడానికి ఊరి చరిత్ర రాయమని ఆ పెద్దలే అడిగారు. తర్వాత దాన్ని రాతి మీద చెక్కిస్తామన్నారు. మూడు భాషలు చదివినవాడు, రేవు సంగతులు లోపలినుంచి తెలిసినవాడు, అతనికన్నా తగినవాడు ఎవరున్నారన్నారు.

గురువు పేరు మత్తన్. వయసులో నూనె గానుగ తిప్పిన బానిస. యజమాని చనిపోతూ విడుదల చేస్తే, అలెగ్జాండ్రియా వెళ్ళి తత్వవేత్తల దగ్గర ఇరవై ఏళ్ళు ఊడిగం చేస్తూ చదువుకుని తిరిగొచ్చాడు. పాఠశాల అంటూ ఏమీ పెట్టలేదు. గానుగ పాక ముందు కూర్చుని నూనె పిండే బుట్టలు అల్లుతుంటాడు. వచ్చినవాళ్ళు పక్కన కూర్చుంటారు. ఇద్దిబాల్ నాలుగేళ్ళుగా అలా కూర్చుంటున్నాడు.

"గురువుగారూ, చరిత్ర అయిపోవచ్చింది. ఒక్కచోట మాత్రం భాష వంకరగా వస్తోంది. ఎక్కడో తెలియడం లేదు. మీరు వింటే పట్టుకుంటారు," అన్నాడు.

"చదువు," అన్నాడు మత్తన్, చేతిలో గడ్డి మెలిపెడుతూనే.

ఇద్దిబాల్ చదివాడు. తూర్పు నుంచి వచ్చిన ఓడలవాళ్ళు వాగు నోటి దగ్గర పడవలు ఒడ్డుకి లాక్కుని మొదటి గుడిసెలు వేసిన సంగతి. వాళ్ళ మనవలు కొండ వాలుల్లో ఆలివ్ నాటిన సంగతి. ఈ ఊరి నూనెతో సముద్రం అవతల దీపాలు వెలిగిన సంగతి. చక్రవర్తి సంగతి. సముద్రంలో ఉన్న చిన్న చిన్న దీవుల్ని రాతికట్టతో ఒకదానికొకటి కలిపి కొత్త రేవు కట్టిన సంగతి. కట్ట చివర దీపస్తంభం. వరసగా గిడ్డంగులు. చదువుతుంటే అతని గొంతు నిండుగా పలికింది.

ఆ తర్వాత కొంచెం తగ్గింది.

"లోతు కొలిచేవాడొకడు తప్పుడు కొలతలు చెప్పడం వల్ల, రేవులో ఇసుక మేట వేస్తున్న సంగతి సకాలంలో తెలియలేదు."

ఆగాడు. "ఇదే గురువుగారూ. ఈ వాక్యమే. ఎలా తిప్పి రాసినా కుదరడం లేదు."

మత్తన్ అల్లిక ఆపలేదు. "అతని పేరేమిటి?"

"ఎవరి పేరు?"

"కొలిచినవాడి పేరు. గుడిసెలు వేసినవాళ్ళ పేర్లు రాశావు. గిడ్డంగులకు రాయి పంపినవాడి పేరు కూడా రాశావు. ఇతనికి పేరు లేదా?"

"అరిష్," అన్నాడు ఇద్దిబాల్. ఆ మాట పలికి పదహారేళ్ళయింది. "చిన్న పని చేసుకునేవాడు కదా, రాతి మీద పేరెందుకని..."

"బతికే ఉన్నాడా?"

"రేవులో రెల్లు కోసుకుని అమ్ముకుంటాడని విన్నాను."

మత్తన్ బుట్ట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. "పద. చూసొద్దాం."

"ఇప్పుడెందుకు గురువుగారూ? ఎండగా ఉంది. మీకు నడక..."

"నా నడక సంగతి నేను చూసుకుంటాను. ఆ పలకలు తీసుకురా."

తోట నుంచి రేవుకి చాలా దూరం. దారి పొడవునా మత్తన్ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే ఇద్దిబాల్‌కి కొంత నయంగా ఉండేది.

పదహారేళ్ళ కిందటిదాకా ప్రతి అమావాస్యకీ అరిష్ పడవలో రేవంతా తిరిగేవాడు. తాడు చివర సీసపు గుండు. గుండు అడుగున కొవ్వు రాసేవాడు. నీళ్ళలోకి వదిలితే లోతు ఎన్ని బారలో తాడు చెప్పేది, అడుగున ఇసుకో బురదో కొవ్వుకి అంటుకుని వచ్చేది. తిరిగొచ్చి ఇద్దిబాల్ బల్ల ముందు నిలబడి చెప్పేవాడు. ఇద్దిబాల్ రాసేవాడు.

మొదట్లో నాలుగు బారలు. రాతికట్ట పూర్తయ్యాక ఒక అమావాస్య నాడు అరిష్ వచ్చి, "మూడున్నరయ్యా," అన్నాడు.

"సరిగ్గా చూశావా?"

"మూడుసార్లు చూశాను. ఇదివరకు దీవుల మధ్య నుంచి నీళ్ళు లోపలికొచ్చి ఇసుకని బయటికి తోసుకుపోయేవి. మీరు దారి మూసేశారు. కట్టలో రెండుచోట్ల సందు వదలండయ్యా. లేకపోతే ఇది రేవుగా ఉండదు."

సందు వదలాలంటే కట్ట పగలగొట్టాలి. కట్టకి నమూనా గీసింది ఇద్దిబాలే. కొత్త రేవు చూడటానికి రాష్ట్రాధిపతి ఇరవై రోజుల్లో వస్తున్నాడు. వాగుకి వరదొస్తే ఇసుక కొట్టుకుపోతుందిలే అనుకున్నాడు ఇద్దిబాల్. ఆ ఒక్కసారికీ నాలుగు అని రాశాడు.

వరద వచ్చింది. ఇంకా ఇసుక తెచ్చింది. ఒకసారి నాలుగు అని రాశాక, ఇప్పుడు మూడుకి తక్కువని ఎలా రాస్తాడు? మళ్ళీ నాలుగు అనే రాశాడు. అలా రెండేళ్ళు రాశాడు.

ఓ రోజు మధ్యాహ్నం నిండుగా నూనె జాడీలతో బయటికెళ్తున్న ఓడ ఊరందరూ చూస్తుండగా రేవు నోట్లో ఇసుక మీద కూర్చుండిపోయింది. పక్కకి ఒరిగి నడుం విరిగింది. ఇద్దరు కళాసీలు పోయారు. విచారణ పెట్టారు. ఇద్దిబాల్ రాసిన పలకలు సభలో గట్టిగా చదివారు. నాలుగు, నాలుగు, నాలుగు.

ఆ రోజు అరిష్ అరవలేదు. ఇద్దిబాల్ వైపు చూసి, "నేనలా చెప్పలేదు కదయ్యా," అన్నాడు. అంతే. ఏదో పొరపాటు జరిగింది, ఈయన లేచి సరిదిద్దుతాడు అన్నట్టు చూశాడు.

ఇద్దిబాల్ లేవలేదు. "అతను చెప్పిందే నేను రాశాను," అన్నాడు.

రేవు మెట్ల మీద అందరి ముందూ అరిష్ తాడు కోసేశారు. గుండు సముద్రంలో పారేశారు. అబద్ధపు లోతు చెప్పినవాణ్ణి ఏ పడవవాడూ తర్వాత ఎక్కించుకోలేదు. ఎక్కించుకుంటే పడవకి కీడన్నారు.

ఇవన్నీ ఇద్దిబాల్ నాలుగేళ్ళలో గురువుకి ఎన్నడూ చెప్పలేదు. కోపం గురించి అడిగాడు, చావు గురించి అడిగాడు, ఆశ గురించి అడిగాడు. ఇది తప్ప అన్నీ అడిగాడు.

రేవు వచ్చింది. ఎండలో తెల్లగా మెరుస్తోంది. గిడ్డంగుల్లో సగానికి తలుపులే బిగించలేదు. ఓడల తాళ్ళు కట్టడానికి గోడ రాళ్ళకి పెద్ద పెద్ద కన్నాలు చెక్కారు. వాటిలో చాలావాటికి తాడు రాసుకున్న గీతే పడలేదు. మత్తన్ ఓ కన్నంలో వేళ్ళు పెట్టి లోపలంతా తడిమి చూశాడు. చెక్కినవాడి ఉలి గాట్లు ఇంకా గరుగ్గానే ఉన్నాయి.

కింద, ఓడలు నిలవాల్సిన చోట, నీళ్ళు మడుగులు మడుగులుగా ఉన్నాయి. మధ్యలో రెల్లు పెరిగింది. ఓ ముసలివాడు తొడలదాకా బురదలో నిలబడి కొడవలితో కోస్తున్నాడు. మెట్ల మీద నలుగురైదుగురు వలలు బాగుచేసుకుంటున్నారు.

ఇద్దిబాల్ స్తంభం నీడలో ఆగిపోయాడు.

మత్తన్ ఆగలేదు. నెమ్మదిగా మెట్లు దిగి చివరి మెట్టు మీద కూర్చున్నాడు. "అయ్యా, అరిష్ అంటే తమరేనా?"

ముసలివాడు నడుం నిలబెట్టాడు. "ఆ, నేనే. రెల్లు కావాలా పెద్దాయనా?"

"కాదు. ఇక్కడ లోతెంతుంటుంది?"

వలలు బాగుచేస్తున్నవాళ్ళలో ఒకడు నవ్వాడు. అరిష్ నవ్వలేదు. "పొరుగూరి నుంచి వచ్చినట్టున్నారు. లోతులు నన్నడక్కూడదు. ఈ మెట్ల మీద ఎవర్నడిగినా చెప్తారు, ఎందుకడక్కూడదో."

మత్తన్ నడుముకి చుట్టుకున్న తాడు విప్పాడు. మెట్టు మీద ఓ రాయి ఏరి చివర కట్టాడు. వెనక్కి తిరక్కుండానే, "ఇద్దిబాల్, ఇలా రా. నువ్వు కొలువు," అన్నాడు.

ఆ పేరు వినగానే అరిష్ చేతిలో కొడవలి ఆగింది.

ఇద్దిబాల్ దిగివచ్చాడు. పలకల మూట మెట్టు మీద పెట్టి తాడు తీసుకున్నాడు. ఖరీదైన అంచు వస్త్రం బురదనీళ్ళలో తేలుతుండగా పది అడుగులు లోపలికి వెళ్ళి రాయి వదిలాడు. అరిష్ వైపు చూడలేదు.

"రెండు మూరలు," అన్నాడు గొంతులో గొణుగుతున్నట్టు.

"వినపడలేదు."

"రెండు మూరలు!"

మత్తన్ అరిష్ వైపు తిరిగాడు. "రెండంటున్నాడు. నిజమేనా?"

అరిష్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. కానీ కళ్ళు వాటంతటవే తాడు మీదికి పోయాయి. ఏళ్ళ తరబడి చేసిన పని అలాంటిది. చివరికి అన్నాడు, "తాడు ఏటవాలుగా పట్టుకున్నారు. తిన్నగా వదలమనండి. ఒకటిన్నర."

ఇద్దిబాల్ తాడు తిన్నగా చేశాడు. ఒకటిన్నర.

"ఒకటిన్నరే," అన్నాడు.

మెట్ల మీద నవ్వినవాడు వల ఒళ్ళో పెట్టుకుని ఇటు తిరిగాడు.

"మరి అప్పట్లో ఏం చెప్పేవారు తమరు, ఈయనకి?" మత్తన్ అడిగాడు.

"అప్పటివి ఇప్పుడెందుకు పెద్దాయనా."

"గుర్తు లేవా?"

అరిష్ మొహం ఎర్రబడింది. "గుర్తు లేకపోవడమేమిటి? నేను చెప్పింది ఒకటి, పలక మీద ఉన్నది ఒకటి. నాకు అక్షరాలు రావు. ఆయన రాస్తుంటే ఎదురుగా నిలబడి చూసేవాణ్ణి. నేను చెప్పిందే రాస్తున్నారనుకునేవాణ్ణి."

ఇద్దిబాల్ నీళ్ళలో అలాగే నిలబడ్డాడు. కాదనలేదు. మత్తన్ అతని మొహం వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం లేదు. కోపం ఉన్నా బావుండుననిపించింది ఇద్దిబాల్‌కి.

మత్తన్ మూట విప్పి ఓ పలక తీశాడు. వంకరగా వచ్చిన వాక్యం ఉన్న పలకే అది. ఎండకి మెత్తబడ్డ మైనాన్ని అరచేత్తో రుద్ది మొత్తం చదును చేశాడు. మెట్టు దగ్గరికి పిలిచి, పలకా, రాసే పుల్లా ఇద్దిబాల్‌కి అందించాడు.

"ఈయన చెప్తారు. నువ్వు రాయి."

అరిష్ కొడవలి నడుముకి దోపుకున్నాడు. మొదట నసిగాడు. తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి.

"కట్ట మూసిన నెల, మూడున్నర. ఆలివ్ కోతల నెల, అప్పుడూ మూడున్నరే, కానీ కొవ్వుకి సన్న ఇసుక అంటింది. అదీ చెప్పాను. మా పెద్దమ్మాయి పెళ్ళి చేసిన నెల, మూడుంపావు. వరద తర్వాత, మూడుకి జానెడు తక్కువ..."

ఇద్దిబాల్ రాశాడు. పలక నిండింది. మత్తన్ ఇంకో ఖాళీ పలక ఇచ్చాడు. ఇరవై నాలుగు అమావాస్యలు. ఏ ఒక్కదాని దగ్గరా అరిష్ తడుముకోలేదు. తనని ఎవరూ అడగకపోయినా ఈ పదహారేళ్ళూ రోజూ తనలో తాను చెప్పుకుంటున్నవాడిలా చెప్పుకుపోయాడు.

"ఓడ దిగబడ్డ నెల, రెండు. ఆ ఓడ బయల్దేరకముందే చెప్పాను. ఇక అంతే."

ఇద్దిబాల్ పుల్ల దించాడు.

"ఇప్పుడు చదివి వినిపించు," అన్నాడు మత్తన్. "ఆయనకి అక్షరాలు రావు కదా."

ఇద్దిబాల్ మొదటి పలక ఎత్తి చదవడం మొదలుపెట్టాడు. మెట్ల మీదివాళ్ళు వలలు వదిలేసి లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఒకడి అన్న ఆ ఓడలోనే పోయాడు. ప్రతి అంకె పలుకుతున్నప్పుడూ అరిష్ తల చిన్నగా ఊపాడు. అవును. అవును. అదీ సరే.

ఆఖరి అంకె చదివాక ఇద్దిబాల్ పలక ఛాతీకి ఆనించుకుని, "ఇవే నువ్వు చెప్పినవి. నాలుగు అని రాసింది నేను," అన్నాడు. "నన్ను క్షమించు అరిష్."

అరిష్ కోసిన రెల్లు కట్టగా కట్టి భుజానికెత్తుకున్నాడు. మెట్లెక్కుతూ మత్తన్ పక్కన ఒక్క క్షణం ఆగాడు. "సరిగ్గా రాశారు పెద్దాయనా, ఈసారి," అన్నాడు. ఇద్దిబాల్ వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

పండుగ రోజొచ్చింది. నాటకశాల కిటకిటలాడింది. ఇద్దిబాల్ లేచి చరిత్ర చదివాడు. గుడిసెలు, ఆలివ్ చెట్లు, చక్రవర్తి, దీపస్తంభం. తర్వాత ఇరవై నాలుగు లోతులూ చదివాడు, అవి చెప్పినవాడి పేరుతో సహా. ఆ పక్కనే తాను రాసిన నాలుగులూ చదివాడు, తన పేరుతో సహా.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గోల మొదలైంది. పై వరసల్లోంచి ఎవరో చెప్పు విసిరారు. చనిపోయిన కళాసీల్లో ఒకడి తల్లి, నడవలేని మనిషి, ఇద్దరు పట్టుకుంటే లేచి నిలబడి అతన్ని పేరు పెట్టి పిలిచింది. ఇద్దిబాల్ అల్లుడు మొహం కప్పుకుని బయటికి వెళ్ళిపోయాడు. పెద్దలు ఆ సాయంత్రమే కూర్చుని సభలో అతని ఆసనం తీసేశారు. ఆ చరిత్ర రాతి మీద చెక్కేది లేదని తేల్చేశారు.

అరిష్ నాటకశాలకి రాలేదు.

తర్వాతి రోజుల్లో ఇద్దిబాల్ వీధిలో నడిస్తే జనం పక్కకి తప్పుకునేవారు. అతను ఆ సంగతి పట్టించుకోలేదు, లేదా పట్టించుకోవడం లేదని అనుకున్నాడు. ఇద్దరు పడవల యజమానులు అరిష్ ఇంటికి వెళ్ళి, పాత రేవు వైపు లోతులు చూసిపెట్టమని అడిగారని విన్నాడు. అతను వాళ్ళని లోపలికి రమ్మనకుండా గుమ్మంలోనే నిలబెట్టాడట. చివరికి సరేనన్నాడట. అది విన్నరోజు ఇద్దిబాల్ ఓ కుండెడు మంచి నూనె పట్టుకుని అరిష్ ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసింది అతని చిన్న కూతురు. లోపలికి తిరిగి తండ్రిని అడిగింది. తర్వాత ఏమీ అనకుండా తలుపు మూసింది.

మరునాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మరునాడూ వెళ్ళాడు. నాలుగోరోజు వీధిలోనే అరిష్ ఎదురయ్యాడు. ఇద్దిబాల్ అందరూ చూస్తుండగా వంగి అతని కాళ్ళు పట్టుకోబోయాడు. అరిష్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వద్దయ్యా," అన్నాడు. "నా దారిన నన్ను పోనీయండి."

ఇద్దిబాల్ అట్నుంచటే తోటకి వచ్చాడు. గురువు పక్కన కూలబడ్డాడు. మత్తన్ బుట్ట అల్లుతున్నాడు. 

"చెప్పవలసిందంతా చెప్పాను గురువుగారూ. ఊరందరి ముందూ చెప్పాను. ఆసనం పోయింది, పరువు పోయింది. అల్లుడు మా అమ్మాయిని పుట్టింటికి పంపనంటున్నాడు. ఇవన్నీ భరిస్తాను. కానీ అతను క్షమించానని ఒక్క మాట అనడం లేదు. ఆ ఒక్క మాట కోసం రోజూ వెళ్తున్నాను. ఏం చేస్తే అంటాడు?"

మత్తన్ అల్లిక ఆపాడు. రేవుకి బయల్దేరిన ఆ ఒక్కరోజు తప్ప, నాలుగేళ్ళలో అతను అల్లిక మధ్యలో చేతులు ఆపడం ఇద్దిబాల్ చూడలేదు.

"ఆయన పని తీసుకున్నావు," అన్నాడు నెమ్మదిగా. "ఆయన మాట తీసుకున్నావు. ఇంకా ఆయన దగ్గర ఏం తీసుకుందామని వెళ్తున్నావు నాయనా?"

ఇద్దిబాల్ తల దించుకుని, ఎండ తోట దాటి పోయేదాకా అక్కడే కూర్చున్నాడు. మర్నాడు అరిష్ వీధి వైపు వెళ్ళలేదు.